హంపి ఏ ఆటలో ప్రపంచ ఛాంపియన్?

ఆదివారం పొద్దున పెరంబూరులోని ఒక స్కూల్లో పిల్లల రేటింగ్ టోర్నమెంట్. హాలు తలుపులు మూసేశాక బయట వరండాలో తల్లిదండ్రులకు మిగిలేది ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఫ్లాస్కులో కాఫీ, రెండు మూడు గంటల టెన్షన్. చుట్టూ అందరూ తమిళంలో మాట్లాడుకుంటున్నారు. "నీళ్ల సీసా మర్చిపోయావే" అని నేను మా అమ్మాయి వెనకాల పరిగెత్తడం విని పక్క కుర్చీలో ఆవిడ ఇటు తిరిగారు.

"ఏమండీ, మీరు తెలుగువాళ్లా?"

ఒంగోలు నుంచి రాత్రి రైల్లో వచ్చారట, కొడుకుని ఆడించడానికి. పది నిమిషాల్లో మాటలు చెస్ క్రీడాకారిణి కోనేరు హంపి మీదకు వెళ్లాయి. చెస్ ఆడే పిల్లలున్న తెలుగు తల్లులు ఇద్దరు కలిస్తే అది తప్పదు. అప్పుడు ఆవిడ ఒక ప్రశ్న వేశారు. "హంపి రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది కదండీ. మరి ప్రపంచ కిరీటం ఒక్కటే దక్కలేదని కూడా రాస్తారేంటి? మావాడు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలీడం లేదు."

రెండూ నిజమే. ఎలా నిజమో చెప్పడం మొదలుపెడితే మొదటి రౌండు అయిపోయింది కానీ నా జవాబు అవలేదు. ఆ రోజు మధ్యలో ఆగిపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు గడియారం సంగతి. చెస్‌లో మనం "ఆట" అని ఒకే మాట అంటాం గానీ, పెద్దవాళ్ల పోటీల్లో మూడు రకాల ఆటలున్నాయి. క్లాసికల్‌లో సాధారణంగా మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఆ తర్వాత ఇంకో 30 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు కలుస్తూ ఉంటాయి. ఒక్క ఆట నాలుగైదు గంటలు సాగుతుంది. ప్రపంచ ర్యాపిడ్‌లో మొత్తం ఆటకు 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు. పావులు అవే, గళ్లు అవే, కానీ అడిగే నైపుణ్యం వేరు. డిసెంబరులో మా మద్రాసు సభలకు వెళ్లేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గంటన్నర రాగం తానం పల్లవి నిలబెట్టే విద్వత్తు ఒకటి, పది నిమిషాల కృతిలో సభను కట్టిపడేసే విద్వత్తు ఇంకొకటి. ఒకదానికి బహుమతి వచ్చిందని రెండోది రాదని కాదు, వచ్చినట్టూ కాదు.

హంపి ప్రపంచ ఛాంపియన్ అయింది ర్యాపిడ్‌లో. మొదటిసారి 2019 డిసెంబరులో మాస్కోలో. రెండోసారి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో. మహిళల ర్యాపిడ్ కిరీటం ఒకటికంటే ఎక్కువసార్లు గెలిచినవాళ్లలో అప్పటికి చైనా క్రీడాకారిణి జు వెన్‌జున్ తర్వాత హంపిదే పేరు. ఇక "ప్రపంచ ఛాంపియన్" అని ముందూ వెనకా ఏ మాటా లేకుండా అన్నప్పుడు మాత్రం చెస్ లోకం క్లాసికల్ కిరీటాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. 1927లో వేరా మెంచిక్‌తో మొదలైన వరస అది. 2018 నుంచి జు వెన్‌జున్ చేతిలో ఉన్న ఆ కిరీటాన్ని ఆమె 2025 ఏప్రిల్‌లో టాన్ జోంగ్‌యీని ఓడించి నిలబెట్టుకుంది. హంపికి దక్కలేదని రాసేది దీన్ని గురించి.

ఒంగోలు ఆవిడ ప్రశ్నకు జవాబు ఇంతే. కానీ అంతటితో ఆపితే "పెద్దది రాలేదు, చిన్నది వచ్చింది" అన్నట్టు వినిపిస్తుంది. అది నాకు మనసొప్పదు. ఎందుకంటే హంపి కెరీర్‌లో చాలా పెద్ద పని ఒకటి ఈ కిరీటాలన్నిటికీ ముందే, పదిహేనేళ్ల వయసులోనే జరిగింది. దాని విలువ తెలియాలంటే గ్రాండ్‌మాస్టర్ (జీఎమ్) బిరుదుకీ ఉమన్ గ్రాండ్‌మాస్టర్ (డబ్ల్యూజీఎమ్) బిరుదుకీ తేడా తెలియాలి.

గుడివాడ నుంచి బుడాపెస్ట్ దాకా

1987 మార్చి 31న గుడివాడలో పుట్టింది కోనేరు హంపి. తండ్రి అశోక్ గారు స్వయంగా చెస్ ఆటగాడు. ఛాంపియన్ అనే మాటలోంచే కూతురికి ఆ పేరు పెట్టుకున్నారు. తర్వాత రష్యన్ పేరులా కనిపించేలా ఇంగ్లిష్ స్పెల్లింగు మార్చారని చెబుతారు. ఉద్యోగం వదులుకుని కూతురికి కోచ్‌గా నిలబడ్డారు.

చెన్నైలో ఉండి ఈ మాట రాస్తుంటే నాకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇక్కడ చెస్ అంటే గాలిలో ఉంది. భారతదేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యుయల్ ఆరన్ ఆడిన ఊరు, సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మాజీ ప్రపంచ ఛాంపియన్ మిఖాయిల్ తాల్ పేరుతో క్లబ్బు నడిచిన ఊరు, 1988లో తొలి గ్రాండ్‌మాస్టర్ అయిన ఆనంద్ ఊరు. భారత్ నుంచి మొదటి మహిళా గ్రాండ్‌మాస్టర్, అంటే డబ్ల్యూజీఎమ్, అయిన విజయలక్ష్మి సుబ్బరామన్ కూడా ఇక్కడివారే. ఇక్కడ పిల్లకు చెస్ నేర్పించాలంటే ఏ వీధిలో అడిగినా ఒక అకాడమీ పేరు చెబుతారు. కృష్ణా జిల్లాలో 1990లలో హంపికి ఆ ఏర్పాటు లేదు. ఆమెకు క్లబ్బూ, గ్రంథాలయమూ, ప్రాక్టీసు జోడీ అన్నీ నాన్నే.

ఆ ఇంట్లోంచి వచ్చిన పిల్ల 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లు తెచ్చింది. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్. వీటి మధ్యలో, జాబితాల్లో తరచూ చివరకు జారిపోయే గెలుపు ఒకటుంది. నాకు అన్నిటికంటే అదే ఇష్టం. 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా యువ పోటీల్లో పన్నెండేళ్లలోపు విభాగంలో ఆమె అబ్బాయిలతో కలిసి ఆడి, మొదటి స్థానంలో నిలిచింది.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే బిరుదుల నిచ్చెనలు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. చెస్‌లో గ్రాండ్‌మాస్టర్ అనేది అందరికీ ఒకటే బిరుదు. ఆడ, మగ తేడా లేదు. దానికి రేటింగ్, అంటే ఆట బలాన్ని చూపే అంకె, 2500 దాటాలి. దాంతో పాటు నార్మ్‌లు కావాలి. నార్మ్ అంటే, బలమైన పోటీలో 2600 రేటింగు ఉన్నవాళ్లు ఆడేంత స్థాయిలో ఆడి చూపించడం. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఇంతమంది గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి, వేర్వేరు దేశాలవాళ్లు ఉండాలి అని షరతులు. అలాంటివి మామూలుగా మూడు, కనీసం 27 ఆటల్లో సాధించాలి.

దీని పక్కనే ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చే ఇంకో నిచ్చెన ఉంది. దాని పైమెట్టు ఉమన్ గ్రాండ్‌మాస్టర్, పొట్టిగా డబ్ల్యూజీఎమ్. దానికి రేటింగ్ 2300 చాలు, నార్మ్‌కు ఆడాల్సిన స్థాయి 2400. పేరులో గ్రాండ్‌మాస్టర్ అని ఉంది కాబట్టి రెండూ సమానమనుకుంటారు, లేదా జీఎమ్ మగవాళ్లది, డబ్ల్యూజీఎమ్ ఆడవాళ్లది అనుకుంటారు. రెండూ పొరపాటే. ఇంటర్నేషనల్ మాస్టర్ (ఐఎమ్) బిరుదుకు 2400 కావాలి కాబట్టి రేటింగు లెక్కన డబ్ల్యూజీఎమ్ దానికంటే కూడా ఒక మెట్టు కిందే ఉంటుంది. మన పత్రికలు "మహిళా గ్రాండ్‌మాస్టర్" అని రాసినప్పుడు, జీఎమ్ అయిన మహిళ గురించా, డబ్ల్యూజీఎమ్ గురించా అనేది చాలాసార్లు తెలియదు. ఒక మాట అటూ ఇటూ అయితే 200 పాయింట్ల దూరం మాయమవుతుంది.

హంపి 2002లో బుడాపెస్ట్‌లో చివరి నార్మ్ పూర్తి చేసి అయింది జీఎమ్. పక్కన ఏ అక్షరమూ లేని జీఎమ్. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. అంతకు ముందు అతి చిన్న వయసులో జీఎమ్ అయిన అమ్మాయి అనే రికార్డు హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్‌ది. దాన్ని మూడు నెలల తేడాతో గుడివాడ అమ్మాయి తీసుకుంది. 2008లో చైనా అమ్మాయి హౌ యిఫాన్ దాటేవరకూ, ప్రపంచంలో అతి చిన్న వయసులో జీఎమ్ అయిన అమ్మాయి హంపే.

భారతదేశంలో ఆమె తర్వాత జీఎమ్ అయిన రెండో మహిళ రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ రెండో ఆమె కూడా మన గుంటూరు వైపు ద్రోణవల్లి హారికే, 2011లో. మూడో ఆమె మా చెన్నై వైశాలి. 2023 చివర్లో 2500 దాటింది. తమ్ముడు ప్రజ్ఞానంద అప్పటికే జీఎమ్ కాబట్టి, అక్కాతమ్ముళ్లిద్దరూ జీఎమ్‌లైన తొలి ఇల్లు అది. నాలుగో ఆమె నాగపూర్ దివ్య దేశ్‌ముఖ్, 2025 జులైలో. అప్పటికి దేశంలో మొత్తం జీఎమ్‌లు 88 మంది. అందులో ఆడవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మా అమ్మాయిని చేర్చడానికి వెళ్లిన ఒక చోట కోచ్ చాలా మర్యాదగానే అన్నారు, "అమ్మాయి కదండీ, డబ్ల్యూజీఎమ్ లక్ష్యంగా పెట్టుకుంటే చాలు, గర్ల్స్ టోర్నమెంట్లకే పంపండి" అని. నేను ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను. బాలికల విభాగాలు వద్దని నేను అనను. అక్కడ స్నేహితులు దొరుకుతారు, ప్రైజులు దొరుకుతాయి, గది నిండా అబ్బాయిలే ఉన్న హాల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చునే బాధ ఉండదు. ఎంతోమంది అమ్మాయిలు ఆటలో మిగిలింది వాటి వల్లే. కానీ "అవి మాత్రమే" అన్నప్పుడు పిల్లకు ఎదురయ్యే బలం అక్కడితో ఆగిపోతుంది. బలమైనవాళ్లతో ఆడకపోతే రేటింగు పెరగదు, జీఎమ్ నార్మ్‌కు దారే ఉండదు. పన్నెండేళ్లకే అబ్బాయిల విభాగంలో కూర్చోబెట్టిన అశోక్ గారి నిర్ణయం ఎంత ముందుచూపో నాకు ఆ రోజు అర్థమైంది. మేం కోచ్‌ని మార్చుకున్నాం.

2600 అంటే

రేటింగు గురించి రెండు మాటలు, ఎందుకంటే వరండా కబుర్లలో సగం దాని చుట్టూనే తిరుగుతాయి. ఇది మార్కుల్లాంటిది కాదు. ఇద్దరి మధ్య తేడా బట్టి ఫలితం ఎలా ఉండొచ్చో చెప్పే అంచనా. 200 పాయింట్ల తేడా ఉంటే పైవాళ్లు 100 ఆటల్లో సుమారు 76 పాయింట్లు తెచ్చుకోవాలి. అంతకంటే తక్కువ తెస్తే రేటింగు తగ్గుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో పాయింటు బరువెక్కుతుంది. పిల్లలకు గెలిచిన ఆటకు ఎక్కువ పాయింట్లు కలుస్తాయి. ఒకసారి 2400 తాకినవాళ్లకు అదే గెలుపుకు పిల్లలకు వచ్చేదాంట్లో నాలుగో వంతు మాత్రమే వస్తుంది.

అలాంటి చోట 2007 అక్టోబరులో హంపి 2600 దాటింది. చరిత్రలో అంతకు ముందు అది చేసిన మహిళ జుడిత్ పోల్గార్ ఒక్కరే. తర్వాత 2009లో 2623 దాకా వెళ్లింది. ఇవాళ్టికీ 2600 గీత దాటిన మహిళలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏ కిరీటమైనా కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తేలిపోతుంది. 2600 మాత్రం ఏళ్ల తరబడి, పదుల టోర్నమెంట్లలో తేలింది. హంపి ఎంత పెద్ద ఆటగత్తె అని ఎవరైనా అడిగితే నేను మొదట ఈ అంకె చెబుతాను, కిరీటాలు ఆ తర్వాత.

మరి క్లాసికల్ కిరీటం ఎందుకు రాలేదు?

దీనికి "ఒత్తిడి తట్టుకోలేదు" అనే జవాబు చాలామంది నోట విన్నాను. అలా ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఆ కిరీటానికి దారి ఎన్నిసార్లు మారిందో చూడలేదనిపిస్తుంది.

హంపి పదిహేడేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల దాకా, ఆమె బలం మంచి ఊపులో ఉన్న కాలంలో, మహిళల ప్రపంచ టైటిల్‌ను ఎక్కువసార్లు నాకౌట్‌లో తేల్చారు. 64 మందిని పిలుస్తారు. ఇద్దరిద్దరికి జోడీ. రెండు క్లాసికల్ ఆటలు, సమమైతే మర్నాడు ర్యాపిడ్, అదీ సమమైతే బ్లిట్జ్. ఓడినవాళ్లు పెట్టె సర్దుకోవాలి. అలా ఆరు రౌండ్లు. పురుషుల టైటిల్‌కు 2004 తర్వాత ఛాంపియన్‌ను ఇలా తేల్చడం మానేశారు. మహిళలకు మాత్రం 2018 దాకా సాగింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎదుటివాళ్లందరికంటే స్పష్టంగా బలమైన ఆటగత్తె ఉంది, ప్రతి రౌండులోనూ ఆమె నెగ్గే అవకాశం నూటికి 80. ఆరు రౌండ్లూ వరసగా నెగ్గే అవకాశం ఎంత? ఎనభై శాతాన్ని ఆరుసార్లు గుణిస్తే నూటికి 26. అంటే అందరికంటే బలమైన ఆటగత్తె కూడా నాలుగుసార్లు వస్తే మూడుసార్లు ఖాళీ చేతులతో వెళ్తుంది. 80 బదులు 75 అనుకుంటే 18కి పడిపోతుంది. ఇది ఎవరి గుండెధైర్యానికీ సంబంధించిన విషయం కాదు, అంకగణితం.

ఆ అంకగణితం హంపికి ఇలా జరిగింది. 2004లో ఎలిస్తాలో, పదిహేడేళ్లకు, సెమీఫైనల్ దాకా వెళ్లి కొవలెవ్‌స్కాయా చేతిలో ఆగింది. 2008లో నాల్చిక్‌లో సెమీఫైనల్, హౌ యిఫాన్ చేతిలో. 2010లో హతాయ్‌లో మళ్లీ సెమీఫైనల్, మళ్లీ హౌ యిఫాన్. 2015లో సోచీలో క్వార్టర్ ఫైనల్‌లో మరియా ముజిచుక్ చేతిలో ఓడింది. ఆ ముజిచుకే సెమీఫైనల్‌లో హారికను కూడా దాటి టైటిల్ గెలిచింది. హారిక ఇలా 2012, 2015, 2017లలో మూడుసార్లు సెమీఫైనల్లో ఆగి మూడు కాంస్యాలు తెచ్చుకుంది. ఇద్దరు తెలుగమ్మాయిలు కలిపి ఆరు సెమీఫైనళ్లు. నాకౌట్ ఎంత నిర్దయగా ఉంటుందో తెలియాలంటే 2012 చూడాలి. ఛాంపియన్‌గా వచ్చిన హౌ యిఫాన్, గట్టి పోటీదారుగా వచ్చిన హంపి, ఇద్దరూ రెండో రౌండులోనే ఇంటికి వెళ్లారు. కిరీటం ఉక్రెయిన్‌కు చెందిన అన్నా ఉషెనినాకు దక్కింది. హౌ యిఫాన్ తర్వాత్తర్వాత ఈ పద్ధతే సరికాదని, 2017 నాకౌట్‌కు రాకుండా ఉండిపోయింది.

లాటరీ వల్లే అంతా అని చెబితే మాత్రం అన్యాయమవుతుంది. 2011లో హంపికి సరైన దారిలోనే అవకాశం వచ్చింది. గ్రాండ్ ప్రీ అని ఏడాదిన్నరకు పైగా సాగే టోర్నమెంట్ల వరసలో హౌ యిఫాన్ మొదటి స్థానం, హంపి రెండో స్థానం. హౌ అప్పటికే ఛాంపియన్ కాబట్టి సవాలు చేసే హక్కు హంపిది. అల్బేనియా రాజధాని తిరానాలో పది ఆటల మ్యాచ్. ఎనిమిది ఆటలకే ముగిసింది. హౌ 5.5, హంపి 2.5. మూడు ఓటములు, ఐదు డ్రాలు, ఒక్క గెలుపూ లేదు. ఆ మ్యాచ్‌లో హౌ మెరుగ్గా ఆడింది. హంపి దురదృష్టం ఏమైనా ఉంటే, ఆమె తరానికే అలాంటి ఆటగత్తె ఎదురుగా రావడం. జుడిత్ పోల్గార్ తర్వాత రేటింగులో అంత ఎత్తుకు వెళ్లిన మహిళ హౌ యిఫాన్ ఒక్కరే.

విరామం, తిరిగి రావడం

2014లో పెళ్లి. 2017లో పాప అహానా పుట్టింది. 2016 నుంచి రెండేళ్ల దాకా హంపి పోటీలకు దాదాపు దూరంగా ఉంది. ఆడకపోతే రేటింగు తగ్గదు, అంకె అలాగే నిలబడి ఉంటుంది. అందుకని ఏమీ పోలేదనుకుంటారు. కానీ ఆ రెండేళ్లలో మిగతావాళ్లు కంప్యూటర్లతో కొత్త ఓపెనింగులు తవ్వి పెట్టుకుంటారు. తిరిగి వచ్చినవాళ్లు పాత పుస్తకంతో కొత్త పరీక్ష రాయాలి. 2018లో జార్జియాలోని బతూమిలో జరిగిన, దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్‌తో ఆమె తిరిగి బోర్డు ముందు కూర్చుంది. 2019లో రష్యాలోని స్కోల్కోవోలో గ్రాండ్ ప్రీ గెలిచింది. అదే ఏడాది చివర మాస్కో ర్యాపిడ్.

మాస్కోలో ఆఖర్న ముగ్గురు సమానంగా నిలిచారు. మెరుగైన టైబ్రేక్ లెక్కల వల్ల హంపి, చైనాకు చెందిన లీ టింగ్‌జీ ప్లేఆఫ్ ఆడారు. మొదటి బ్లిట్జ్ హంపి ఓడింది, రెండోది గెలిచింది. అప్పుడు ఆర్మగెడ్డన్. తెల్ల పావులకు సమయం ఎక్కువ, నల్ల పావులకు డ్రా అయినా గెలుపే. అలాంటి ఒక్క ఆటతో తేలిన కిరీటం అది. రెండేళ్ల పాపను ఇంట్లో వదిలి వెళ్లిన తల్లి, తనను నిపుణురాలిగా అప్పటిదాకా ఎవరూ పెద్దగా అనుకోని ర్యాపిడ్‌లో, ప్రపంచ ఛాంపియన్ అయింది. రెండు నెలల్లోపే అమెరికాలో కెయిర్న్స్ కప్ కూడా గెలిచింది.

2022 జులైలో ఈ కథ మా ఊరికే వచ్చింది. మామల్లపురంలో 44వ ఒలింపియాడ్. నేపియర్ వంతెన మొత్తానికి చదరంగం గళ్లు వేశారు. బస్సుల మీద, గోడల మీద పంచె కట్టిన గుర్రం బొమ్మ తంబి నమస్కారం పెడుతూ కనిపించేవాడు. మేం కూడా ఈస్ట్ కోస్ట్ రోడ్ మీద బస్సెక్కి వెళ్లాం. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. పెద్ద హాల్లో తాడు ఇవతల నుంచి చూస్తే హంపి ఒక బోర్డు దగ్గర, హారిక మరో బోర్డు దగ్గర. హారిక అప్పుడు నిండు గర్భిణి. తొమ్మిదో నెల కడుపుతో కుర్చీలో అటూ ఇటూ సర్దుకుంటూ గంటల తరబడి ఆడింది. "అమ్మా, వాళ్లు మనవాళ్లేనా?" అని మా అమ్మాయి గుసగుసగా అడిగింది. అవునన్నాను. ఇంకేం అడగలేదు.

చివరి రౌండు దాకా మన జట్టే ముందుంది. చివరి రౌండులో అమెరికా చేతిలో ఓడింది. కాంస్యం వచ్చింది. భారత మహిళలకు ఒలింపియాడ్‌లో అదే మొదటి పతకం. రెండేళ్ల తర్వాత బుడాపెస్ట్‌లో హారిక, వైశాలి, దివ్య, వంతిక, తానియాల జట్టు బంగారం తెచ్చింది. ఆ జట్టులో హంపి లేదు. ఆ బంగారం చూసి అందరం ఎగిరి గంతేశాం కానీ నాకు మాత్రం మామల్లపురం చివరి రౌండు గుర్తొచ్చింది.

ఈ మధ్యలో టైటిల్‌కు దారి మళ్లీ మారింది. ఇప్పుడు ఎనిమిది మంది క్యాండిడేట్స్ టోర్నమెంటులో ఒకరితో ఒకరు రెండేసిసార్లు ఆడతారు, మొత్తం 14 ఆటలు. మొదటి స్థానం వచ్చినవాళ్లే ఛాంపియన్‌తో మ్యాచ్ ఆడతారు. ఒక్క చెడ్డ రోజుతో ఇంటికి పంపని పద్ధతి ఇది. ఇలాంటిది హంపి ఇరవైల్లో ఉండగా వచ్చి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. 2024లో టొరంటోలో హంపి ఆరంభంలో బాగా వెనకబడి, చివరికి రెండో స్థానంలో నిలిచింది. టాన్ జోంగ్‌యీకి 9 పాయింట్లు, హంపికి 7.5. మళ్లీ ఒక మెట్టు కిందే.

2023 డిసెంబరులో సమర్‌కండ్‌లో ర్యాపిడ్ టైటిల్ ప్లేఆఫ్‌లో బోద్నారుక్‌కు పోయింది. ఏడాది తిరిగేసరికి న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓటమి. ర్యాపిడ్‌లో 11 రౌండ్లు స్విస్ పద్ధతిలో ఉంటాయి. నాకౌట్‌లా ఓడితే బయటకు పంపరు. సమాన పాయింట్లు ఉన్నవాళ్లతో జోడీ కలుపుతూ పోతారు. అందుకే మొదటి రౌండు ఓడినా కోలుకోవచ్చు. హంపి అక్కడి నుంచి ఒక్కో పాయింటూ పోగేసి, చివరి రౌండులో నల్ల పావులతో ఇండోనేషియాకు చెందిన ఐరీన్ సుకందర్‌ను ఓడించి, 8.5 పాయింట్లతో ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచింది. వయసు 37.

ఇంకో ఏడు నెలలకు బతూమిలో మహిళల ప్రపంచ కప్. పేరులో ప్రపంచం అని ఉన్నా ఇది ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాదు. క్యాండిడేట్స్‌కు మనుషుల్ని పంపే పోటీ. పాత నాకౌట్ పద్ధతి ఇప్పుడు ఇక్కడికి చేరింది. ఒంగోలు ఆవిడ కొడుకు లాంటివాళ్లు ఇక్కడ కూడా తికమకపడతారు. సెమీఫైనల్‌లో హంపి లీ టింగ్‌జీని దాటింది, దివ్య టాన్ జోంగ్‌యీని దాటింది. ఫైనల్ ఇద్దరు భారతీయుల మధ్య. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. 2025 జులై 28న ర్యాపిడ్. మొదటిది డ్రా, రెండోది దివ్య గెలిచింది. హంపికి 38, దివ్యకు 19. హంపి జీఎమ్ అయ్యేనాటికి దివ్య పుట్టలేదు.

ప్రపంచ కప్ గెలిచినవాళ్లకు ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నేరుగా జీఎమ్ బిరుదు ఇస్తుంది. బతూమికి వచ్చేనాటికి దివ్యకు ఒక్క జీఎమ్ నార్మ్ కూడా లేదు. పోయేనాటికి జీఎమ్. ఇది అడ్డదారి అని అన్నవాళ్లను కూడా చూశాను. నాకు అలా అనిపించలేదు. ఆ దారిలో హారిక, టాన్, హంపి ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు, దివ్య ముగ్గురినీ దాటి వచ్చింది. ఫైనల్ చేరడంతో హంపికి కూడా మళ్లీ క్యాండిడేట్స్ అర్హత దొరికింది.

ఆ ఆదివారం ఇదంతా ఇంత వరసగా చెప్పలేదు. ఎవరితో ఎవరు ఆడాలో రాసిన పెయిరింగ్ కాగితం వెనక గీతలు గీసి చూపించాను. ఒక గీత మీద జీఎమ్, దాని కింద ఐఎమ్, దాని కింద డబ్ల్యూజీఎమ్. పక్కన మూడు గడియారాలు. 2019, 2024 అని రాసి ర్యాపిడ్ గడియారం చుట్టూ సున్నా చుట్టాను. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకున్నారు, రైల్లో కొడుక్కి చూపిస్తానని.

అప్పుడే తలుపు తెరుచుకుంది. వాళ్ల అబ్బాయి మొహం చూస్తేనే గెలిచాడని తెలిసింది. మా అమ్మాయిది డ్రా, ఏనుగుల ఎండ్‌గేమ్‌లో. "గెలిచేదాన్నమ్మా, ఒక బంటు ముందుకు తొయ్యాల్సింది" అంటూ స్కోరు షీటు తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాతి రౌండు పెయిరింగ్ గోడకు అంటించారు. ఏడో బోర్డు, నల్ల పావులు, ఎదుట 200 పాయింట్లు ఎక్కువున్న అబ్బాయి. నీళ్ల సీసా నింపుకుని లోపలికి వెళ్లిపోయింది.